యూఎస్‌బీ కేబుల్ పెడితే కాంటా డేటా ఎందుకింత నెమ్మదిగా దిగుతది?

మీరు రాసిన లెక్కలోనే జవాబు ఉన్నదన్నా. మిర్యాలగూడ మిల్లుల కాంటా ఇండికేటర్ (తూకం చూపే మిషను) నుంచి పది వేల తూకాలు లాప్‌టాప్‌లకు దించితే 9600 బాడ్‌ల (బాడ్ అంటే వైరు మీద సెకనుకు ఎన్ని బిట్లు పోతయో ఆ వేగం) 8 నిమిషాలు, 115200కు పెంచినా 3 నిమిషాలు పడుతున్నదన్నరు. వేగం 12 రెట్లు పెరిగితే 40 సెకన్లల్ల అయిపోవాలె. కాలేదంటే జాగు వైరు కాడ లేదు. ఇంకా బాడ్ పెంచు, ఖరీదైన కేబుల్ కొను అని చెప్పేటోళ్ల మాట ఇనకుండ్రి, పైసలు దండగ.

ఒక్క తూకం ఎట్ల వస్తదో చూడుండ్రి. మీరు పెట్టిన ప్రోటోకాల్‌ల (లాప్‌టాప్ అడుగుడు, కాంటా చెప్పుడు పద్ధతి) 8 బైట్ల ప్రశ్న, 21 బైట్ల జవాబు. 115200ల రెండూ కలిపి 2.5 మిల్లీసెకన్లే. కానీ కేబుల్‌ల ఉండి సీరియల్ డేటాను యూఎస్‌బీకి మార్చే ఎఫ్‌టీడీఐ చిప్పు వచ్చిన జవాబును చేతుల పట్టుకొని కూసుంటది. 62 బైట్లు నిండాలె, లేకుంటే లేటెన్సీ టైమర్ (చిప్పు ఎంతసేపు ఆగాలెనో ఆ గడువు) అయిపోవాలె. 21 బైట్లతోని ఎన్నడూ నిండదు. ఆ టైమర్ మామూలుగా 16 మిల్లీసెకన్లు. పది వేల సార్లు 16 అంటే 160 సెకన్లు. మీ 3 నిమిషాలు పోయింది అక్కడనే.

విండోస్ డివైస్ మేనేజర్‌ల పోర్ట్స్ కింద మీ కేబుల్‌కు పడ్డ కామ్ పోర్టు ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌కు పోండ్రి. లేటెన్సీ టైమర్ 16 తీసి 1 పెట్టి, కేబుల్ పీకి మళ్ల గుచ్చుండ్రి. నిమిషం లోపలికి వస్తది. రేపు వేరే యూఎస్‌బీ రంధ్రంల గుచ్చితే కొత్త కామ్ నంబరు పడి, టైమర్ మళ్ల 16కు పోవచ్చు, చూసుకోండ్రి. లైనక్స్‌ల సెట్‌సీరియల్ కమాండ్‌కు లో లేటెన్సీ ఆప్షన్ ఇస్తే చాలు.

అడ్వాన్స్‌డ్‌ల లేటెన్సీ టైమర్ డబ్బానే కనిపించకపోతే మీ చిప్పు వేరేది. ప్యాకెట్ మీద చిప్పు పేరు రాయకుండా అమ్ముడు పెద్ద అన్యాయం. ప్రాపర్టీస్‌ల డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ చూడుండ్రి: 0403 అయితే ఎఫ్‌టీడీఐ, 067బీ అయితే ప్రోలిఫిక్, 1ఏ86 అయితే సీహెచ్340 రకం.

మోటర్లు నడిచేటప్పుడు మాత్రమే నెమ్మదిస్తే అది వేరే రోగం. వైరు మీద మోటర్ల కరెంటు గలాటా పడి జవాబు చెడిపోతది, సాఫ్ట్‌వేర్ టైమవుట్ దాకా ఆగి మళ్ల అడుగుతది. ఒక్క టైమవుట్ సెకను అనుకుంటే వంద తప్పులకే వంద సెకన్లు. ఆర్‌ఎస్232 వైరు (కాంటా నుంచి వచ్చే సీరియల్ వైరు) 15 మీటర్లు దాటనీయకుండ్రి, మోటరు కేబుల్ పక్కపొంటి గుంజకుండ్రి.

ఇండికేటర్ ఒప్పుకుంటే ఒక్కో ప్రశ్నకు పది తూకాలు అడగమని సాఫ్ట్‌వేర్ రాసినాయనకు చెప్పుండ్రి. అప్పుడు ఏ చిప్పైనా ఆగుడు పదోవంతు కంటే ఎక్కువ ఉండదు.