క్యామ్ చైన్ మార్చిన పదకొండు రోజులకే ఇంజిన్ పోయింది, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది హుజూరాబాద్. నాన్న పేరు మీదున్న 2003 నాటి స్ప్లెండర్ నేనే నడుపుతాను. ఇంజిన్‌లో గలగలమని చప్పుడు వస్తుంటే హన్మకొండలో ఒక షెడ్డులో ఇచ్చాను. ఇంజిన్ లోపల వాల్వులను నడిపే క్యామ్ చైన్ అరిగిందని మార్చి 2,400 రూపాయలు తీసుకున్నాడు. బిల్లు ఇవ్వలేదు, ఫోన్‌లో కట్టాను. పదకొండో రోజు ఎల్కతుర్తి దగ్గర బండి ఠక్కున ఆగిపోయింది. ట్రాలీలో మళ్లీ ఆ షెడ్డుకే చేర్చాను. ఇంజిన్ పైభాగం (హెడ్) విప్పి, "వాల్వులు వంగినయ్, ఇంకో 7,500 అయితది. పాత బండికి గ్యారంటీ ఎవరిస్తరన్నా? పైసలిస్తేనే బండి" అంటున్నాడు. నేను కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ కేసు కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది రేపటికి వాయిదా వేయకండి. షెడ్డుకు వెళ్లి, విప్పిన సామాను ఉన్నది ఉన్నట్టుగా ఫొటోలు, వీడియో తీసుకోండి. మీ కేసుకు సాక్ష్యమంతా ఆ ఇనుప ముక్కల్లోనే ఉంది. ఒకసారి కొత్త వాల్వులు వేసి హెడ్ బిగించాడంటే ఇక చూపించడానికి ఏమీ మిగలదు.

ఏం చూడాలో చెబుతాను. పిస్టన్ తల మీద అర్ధచంద్రంలా గీసుకుపోయిన గుర్తు ఉంటే వాల్వు దానికి తగిలిందన్నమాట. చైన్ పళ్లు జారి టైమింగ్ (వాల్వులు, పిస్టన్ కదలికల పొందిక) తప్పినప్పుడు జరిగేది అదే. తర్వాత ఆయన వేసిన చైన్ చూడండి. దుకాణం నుంచి అదే మోడల్ కొత్త చైన్ తెచ్చి రెండింటినీ పక్కపక్కనే వేలాడదీయండి. పదకొండు రోజుల చైన్ కొత్తదానికంటే కిందికి దిగిందంటే, అది అప్పటికే వాడిందో నాసిరకందో అయి ఉండాలి. చైన్‌ను బిగుతుగా ఉంచే టెన్షనర్ కూడా చూడండి. చైన్ మార్చి, అరిగిన టెన్షనర్‌ను అలాగే వదిలేసే షెడ్లు ఉన్నాయి. వేరే అనుభవమున్న మెకానిక్‌కు ఇవన్నీ చూపించి, ఏం గమనించారో కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. సేవలో లోపాన్ని చూపాల్సిన భారం ఫిర్యాదుదారుడిదేనని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీరు కూడా రెండు ప్రశ్నలకు నిజం చెప్పుకోవాలి. టెన్షనర్ కూడా మార్చాలని ఆయనంటే ఖర్చని మీరే వద్దన్నారా? ఇంజిన్ ఆయిల్ తగ్గినా పట్టించుకోకుండా నడిపారా? వీటిలో ఏది నిజమైనా అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే. మీరు వద్దని ఉంటే నాకు అలాగే చెప్పండి, దాచి కేసు వేస్తే మధ్యలో దెబ్బతింటాం.

ఇక "గ్యారంటీ ఇవ్వలేదు" అన్న మాట. గ్యారంటీ లేకపోయినా పని సరిగ్గా చేయాల్సిన బాధ్యత పోదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం పని చేసిన తీరులో తప్పు, నిర్లక్ష్యం, తెలిసి కూడా అసలు విషయం దాచడం, ఇవన్నీ సేవా లోపం కిందికే వస్తాయి. బిల్లు ఇవ్వకపోవడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. మీరు కట్టిన డబ్బుకు బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది, అది చాలు. బండి నాన్న పేరు మీద ఉందని భయపడకండి, డబ్బిచ్చి పని చేయించుకున్నది మీరే కాబట్టి వినియోగదారుడు మీరే.

బండి ఆపుకునే హక్కు ఆయనకు బొత్తిగా లేదని మాత్రం అనను. భారత ఒప్పందాల చట్టం, 1872లోని సెక్షన్ 170 ప్రకారం వస్తువు మీద పనితనం చూపినవాడు, ఆ పనికి రావాల్సిన కూలి అందేదాకా దాన్ని తన దగ్గర ఉంచుకోవచ్చు. చట్టంలోనే ముడి వజ్రానికి సానపట్టిన నగల వ్యాపారి ఉదాహరణ ఉంది. కానీ మీ విషయంలో చైన్ పని డబ్బు ముట్టింది. 7,500 రూపాయల పని ఇంకా మొదలే కాలేదు, మీరు ఒప్పుకోనూ లేదు. చేయని పనికి బండి పట్టుకోవడం కుదరదు. హెడ్ విప్పిన కూలి అడిగితే అది వేరే లెక్క. గొడవ పడి బండి లాక్కురాకండి, పది మందిని వెంటేసుకుని పోవడం అసలే వద్దు. బండి లేక రోజు గడవదనుకుంటే, "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని మెసేజ్ పెట్టి కట్టి తెచ్చుకోండి. పాత వాల్వులు, చైన్, టెన్షనర్ మాత్రం మూటగట్టి తెచ్చుకోవాలి.

తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజుల గడువు ఇవ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తే, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలి. షెడ్డు హన్మకొండలో ఉన్నా మీరు ఉండేది హుజూరాబాద్ కాబట్టి కరీంనగర్‌లోనే వేయొచ్చు, 2019 చట్టం ఇచ్చిన మంచి వెసులుబాటు ఇది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు, ఇంజిన్ ఆగిన రోజును ఈరోజే రాసి పెట్టుకోండి. 2,400 రూపాయలు, వాల్వుల ఖర్చు, ట్రాలీ కిరాయి, తిరిగిన ఖర్చులు, మానసిక వేదనకు ఒక మోస్తరు మొత్తం అడగండి. లక్షలు అడిగితే నిజమైన నష్టం మీద కూడా నమ్మకం తగ్గుతుంది.