చిన్న ఊళ్లలో వ్యాపారులు పెద్దగా ఎందుకు ఎదగలేకపోతారు?

ఎదగలేకపోతారని ప్రశ్నలో మీరే తేల్చేశారు. ఎదగడం వద్దనుకుని ఆగిపోయినవాళ్లు కూడా ఉంటారని మీకు తట్టినట్టు లేదు. పెట్టుబడి, బ్యాంకు అప్పు, ధైర్యం, ఆలోచన చాలకపోవడం అని అందరూ చెప్పేవే చెబుతారు. నా వరకు నేను ఒక్క మనిషి గురించి చెబుతాను. ఆయన మా మామగారు. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ముప్పై ఏళ్లకు పైగా జీడిపప్పు వ్యాపారం చేసి, రెండేళ్ల కిందట సంక్రాంతికి ముందు గుండెపోటుతో పోయారు.

ఆయన ఫ్యాక్టరీ అంటే ఒక రేకుల షెడ్డు, ఒక బాయిలరు, ఒక డ్రయ్యరు, జీడిపిక్కలు కోసేవాళ్లు, పొట్టు తీసేవాళ్లు, గ్రేడింగ్ చేసేవాళ్లు కలిపి ఇరవై మంది దాకా ఆడవాళ్లు. మొదలుపెట్టినప్పుడూ అంతే, చివరిలోనూ అంతే. ఆయనతో పాటు ఈ పనిలోకి దిగినవాళ్లు ఇప్పుడు మేడలు కట్టారు. చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతపు జీడితోటల పిక్క చాలక ఆఫ్రికా పిక్క విశాఖ పోర్టులో దిగడం పెరిగాక, అక్కడ మకాం వేసి కొనుగోళ్లు చూసుకున్నవాళ్లదే రాజ్యం అయింది. మామగారికీ పిలుపు వచ్చింది. ఒక స్నేహితుడు వాటా ఇస్తానన్నాడు. వారంలో రెండు మూడు రాత్రులు విశాఖలో ఉండాలి, అంతే. ఆయన కుదరదన్నారు. బజారులో చాలామంది ఆయనను పిరికివాడి కింద జమకట్టారు.

అసలు సంగతి మా అత్తయ్యగారి ఇన్సులిన్. ఆమెకు షుగరు చిన్న వయసులోనే వచ్చింది. సూది అంటే ప్రాణభయం. తన చేత్తో తాను వేసుకోదు, కాంపౌండరు చేత వేయించుకోదు, కన్నకూతురు చేత కూడా వేయించుకోదు. ఉదయం ఏడింటికి, రాత్రి ఏడున్నరకు మామగారే వేయాలి. అందుకని ఆయన ఎంత దూరం వెళ్లినా రాత్రి ఏడున్నరలోపు ఇంటికి చేరగలిగినంత దూరమే వెళ్లేవారు. శ్రీకాకుళం వెళ్లేవారు, ఇచ్ఛాపురం వెళ్లేవారు. సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖకు మాత్రం అత్తయ్యగారిని వెంటబెట్టుకుని పెళ్లిళ్లకే వెళ్లేవారు. ఈ విషయం బజారులో ఎవరికీ చెప్పలేదు. ఆమెకు షుగరు ఉందని నలుగురికీ తెలియడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు కాబట్టి, పిరికివాడు అనిపించుకోవడమే ఆయనకు తేలికగా తోచి ఉంటుంది.

ఈ రోజుల్లో ఫోను తెరిస్తే చాలు, కోటు వేసుకున్న కుర్రవాడెవడో వచ్చి తెల్లవారుజామున నాలుగింటికి లేవమంటాడు, లక్ష్యం కోసం ఇంటిని మరిచిపొమ్మంటాడు. ఆ కుర్రవాడికి ఇంట్లో వండి పెట్టేదెవరో, జ్వరం వస్తే పక్కన కూర్చునేదెవరో ఎప్పుడూ చెప్పడు. మామగారు నాలుగున్నరకే లేచేవారు, కానీ పాలు కాచి, అత్తయ్యగారికి ఏ పూట ఎన్ని యూనిట్లు వేశారో గోడ మీది క్యాలెండరులో రాసిన తరవాతే షెడ్డు తాళం తీసేవారు. ఆ క్యాలెండరులోనే 80 కిలోల పిక్కల బస్తా ధర, కూలీల అడ్వాన్సులు, మా ఆవిడ డిగ్రీ పరీక్షల తేదీలు, గ్యాసు బండ మార్చిన రోజు అన్నీ ఉండేవి.

ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు మాత్రం ఆయన ఎన్నడూ కలపలేదు. నెల మొదటి తారీఖున జీతం ఇచ్చినట్టు ఒక మొత్తం అత్తయ్యగారి చేతిలో పెట్టేవారు. ఆమె మిగిల్చింది ఆమెదే. మార్చి, ఏప్రిల్‌లో పిక్క వచ్చే సీజనులో చేతిలో డబ్బు ఆడకపోతే ఆమె దగ్గరే అప్పు చేసేవారు. నూటికి రూపాయి వడ్డీ. కాగితం రాసి సంతకం పెట్టి ఇచ్చేవారు. పెళ్లయిన కొత్తలో ఇది చూసి నేను నవ్వితే, "బాబూ, బయటివాడికైతే రెండు రూపాయలు కట్టాలి. ఈవిడ మంచి బేరం" అన్నారు. ఆమె లోపలి నుంచి, "పోయినేడాది రెండు నెలల వడ్డీ ఇంకా రాలేదు" అన్నారు. మర్నాడే ఇచ్చేశారు.

ఇక తిత్లీ తుపాను సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను వజ్రపుకొత్తూరు మండలం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగం. అప్పటికి నవరాత్రులు మొదలయ్యాయి. దసరాకు, దీపావళికి మిఠాయి దుకాణాల ఆర్డర్లన్నీ పంపవలసిన సమయం. విజయనగరంలో ఉన్న మాకు కాశీబుగ్గ నుంచి ఒక్క ఫోనూ కలవలేదు. మా ఆవిడ ఊరుకోలేదు, కారు తీయించింది. టెక్కలి దాటిన తరవాత రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లను కోసి పక్కకు లాగుతున్నారు. ఉద్దానం వైపు కొబ్బరి చెట్లు తలలు లేకుండా నిలబడి ఉన్నాయి, జీడిచెట్లు వేళ్లతో సహా తిరగబడి ఉన్నాయి. జీడి మొక్క నాటితే కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అందుకే ఆ రోజు పోయినది ఒక పంటతో సరిపోలేదు.

షెడ్డు రేకులు సగం లేవు. పిక్కల బస్తాలు తడిసి ముద్దయ్యాయి. కరెంటు లేదు. జనరేటరు ఉంది కానీ డీజిలు డ్రమ్ములో అడుగున కొంచెమే ఉంది, బంకులు మూతబడ్డాయి. డ్రయ్యరు నడపకపోతే పిక్క కోసి తీసిన పప్పు మెత్తబడి బూజు పడుతుంది. మరోపక్క వీధిలో ఎవరింట్లోనూ నీళ్లు లేవు. మామగారు పొద్దున ఒక గంట జనరేటరుతో బోరు మోటారు వేసి వీధికంతా నీళ్లు పట్టించి, మిగిలిన డీజిలును డ్రయ్యరుకు వాడారు. ఇంట్లో ఫ్రిజ్ పనిచేయడం లేదు కాబట్టి ఇన్సులిన్ సీసాను చిన్న డబ్బాలో పెట్టి, కుండలో తడి ఇసుక పోసి అందులో దించారు. గంటకోసారి వచ్చి ఇసుక తడి చూసుకునేవారు.

మేం చేరిన మర్నాడు పొద్దున్నే బయటి దళారి ఒకడు లారీ వేసుకుని వచ్చాడు. తడిసిన పిక్కలు ఉన్నవి ఉన్నట్టు ఎత్తుకుంటానన్నాడు. ధర తక్కువే, కానీ ఆ పరిస్థితిలో అది దేవుడు పంపిన బేరం. మామగారు బస్తాకు ఇంత అన్నారు, అతను ఇంత అన్నాడు. తేడా కొంచెమే మిగిలింది. అంతలో మామగారు గడియారం చూసుకుని, "ఏడవుతోంది, ఇప్పుడే వస్తాను" అని లేచి ఇంటికి వెళ్లిపోయారు. నేను ఆ దళారిని మాటల్లో పెట్టాలని చూశాను. అతను టీ తాగి, ఎదురు వీధిలోని షెడ్డుకు వెళ్లి అక్కడి సరుకు లారీకి ఎక్కించుకున్నాడు. మామగారు తిరిగి వచ్చేసరికి లారీ మలుపు తిరుగుతోంది.

నాకు ఒళ్లు మండింది. పది నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదని అడిగేశాను. "ఇది వేస్తే కానీ ఆమె టిఫిను తినదు బాబూ. తినకపోతే పనివాళ్లకు వండి పెడుతూ కళ్లు తిరిగి పడిపోతుంది" అన్నారు. అప్పటికి ఇళ్ల పైకప్పులు పోయిన పనివాళ్ల కుటుంబాలు కొన్ని మేడ మీదే ఉంటున్నాయి. అంతమందికీ అత్తయ్యగారే వండుతున్నారు. ఆ పిక్కలను మేడ మీదా, వీధిలోనూ ఆరబోశాం. చాలావరకు నల్లబడ్డాయి. విరగని గుండు పప్పు రావలసిన చోట బద్ద, ముక్క వచ్చింది. ఆ ఏడాది ఆయన బాగా నష్టపోయారు.

మా బావమరిది ఈ కథను నాలా చెప్పడు. నాన్న ఆ విశాఖ వాటా తీసుకుని ఉంటే తాను హైదరాబాదులో అద్దె ఇంట్లో ఉండి ఉద్యోగం చేయవలసిన పని ఉండేది కాదంటాడు. అమ్మ భయాన్ని నాన్న పోగొట్టాల్సింది పోయి ముప్పై ఏళ్లు మోశాడంటాడు. అందులో కొంత నిజం ఉంది, కాదనను. కానీ ఉత్తరాంధ్రలో ఎదగకుండా ఆగిపోయిన ప్రతి రెండో దుకాణం వెనకా ఇలాంటి కారణమే ఒకటి ఉంటుందని నా నమ్మకం. మంచాన పడిన తల్లో, చదువు ఆగిపోయిన తమ్ముడో, భర్త పోయిన అక్కో ఉంటారు. వాళ్లను ఏ బ్యాలెన్స్ షీటులోనూ చూపించరు కాబట్టి మీవంటివారికి అది చేతకానితనంలా కనిపిస్తుంది.

ఆయన పోయినప్పుడు కూడలిలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో ఆయన ఫోటో అరచేయంత. చుట్టూ చేతులు జోడించి నవ్వుతున్న నాయకులు, వాళ్ల అనుచరులు, అనుచరుల తమ్ముళ్లు. చనిపోయినది ఎవరో తెలియాలంటే కింద రాసిన పేరు చదవాలి. బతికుండగా ఆయన కూడలిలో ఒక్క ఫ్లెక్సీకీ చందా ఇవ్వలేదు. ఆ కోపం ఇలా తీర్చుకున్నారేమో!

పదమూడో రోజు తరవాత బావమరిదీ నేనూ ఖాతా పుస్తకాలు తీశాం. అత్తయ్యగారికి రావలసిన వడ్డీ పైసాతో సహా కట్టేసి ఉంది. బయట నుంచి రావలసిన బాకీలు చాలానే ఉన్నాయి. చిన్న చిన్న దుకాణాలవాళ్లు, పెళ్లివంటల మేస్త్రీలు పరామర్శకు వచ్చినప్పుడే ఇచ్చి వెళ్లారు. పెద్ద ఊరిలో మూడు అంతస్తుల మిఠాయి దుకాణం ఉన్న ఒక పెద్దమనిషి మాత్రం రెండు దీపావళుల సరుకు బాకీ గురించి ఇంతవరకు ఎత్తలేదు. ఎదిగిన వ్యాపారి అంటే మీ ప్రశ్న ప్రకారం ఆయనే. ఇలాంటి ప్రశ్నలకు ఆయన కూడా తీరిగ్గా సమాధానాలు రాస్తుంటారు, కాబట్టి ఇది ఆయన కంట పడకపోదు. అయ్యా, మా బావమరిది ఫోను నంబరు మారలేదు.