చైనీస్ టీచర్‌గా విదేశాలకు వెళ్లాలంటే...

ప్రశ్న: ఎం.ఏ. చైనీస్ చివరి సంవత్సరం చదువుతున్నాను. చైనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష హెచ్‌ఎస్‌కేలో ఐదో స్థాయి (హెచ్‌ఎస్‌కే 5) పాసయ్యాను. విదేశాల్లో చైనీస్ టీచర్‌గా ఉద్యోగం రావాలంటే ఇంకా ఏం చేయాలి? చైనీస్ మాతృభాష కానివాళ్లను తీసుకుంటారా?

జవాబు: తీసుకుంటారు. అయితే చైనా, తైవాన్‌ల నుంచి వచ్చే అభ్యర్థులతో మీరు ఉచ్చారణలో పోటీపడి నెగ్గడం కష్టం. టీచర్ లైసెన్స్ దగ్గర మాత్రం వాళ్లకున్న నిబంధనలే మీకూ. ఇంగ్లండ్‌లో క్యూటీఎస్ అనే టీచర్ అర్హత, అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఆయా రాష్ట్రాల లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్... ప్రభుత్వ స్కూళ్లు సాధారణంగా ముందు చూసేది ఇదే. భాషలో ఎం.ఏ. ఒక్కటే ఉన్న దరఖాస్తులు చాలావరకు మొదటి వడపోతలోనే పక్కకు పోతాయి.

కాబట్టి ఎం.ఏ. తర్వాత బీఈడీ గానీ, బ్రిటన్ టీచర్ శిక్షణ కోర్సు పీజీసీఈ గానీ చేయండి. కోర్సులో ఎన్ని రోజులు తరగతిలో పాఠం చెప్పారో యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఆస్ట్రేలియాలో వలస కోసం చేసే అర్హతల మదింపులో కనీసం 45 రోజుల పర్యవేక్షిత బోధన చూపించాలి. డిగ్రీలుండి ఈ ఒక్క లేఖ లేక ఫైలు ఆగిపోయేవాళ్లున్నారు. పదేళ్ల తర్వాత వెళ్లి అడిగితే రికార్డులు దొరకడం కష్టం.

ఇక భాష. మీరు రాసిన హెచ్‌ఎస్‌కే 5లో మాట్లాడే విభాగం లేదు. మంచి మార్కులున్నా ఇంటర్వ్యూలో నోరు పెగలకపోవడానికి ఇదే కారణం. హెచ్‌ఎస్‌కే 6తో పాటు మాట్లాడే పరీక్ష హెచ్‌ఎస్‌కేకే అడ్వాన్స్‌డ్ కూడా లక్ష్యంగా పెట్టుకోండి. అమెరికాలో చాలా రాష్ట్రాలు అక్కడి విదేశీ భాషా బోధకుల సంస్థ యాక్ట్‌ఫుల్ మౌఖిక పరీక్షలో, రాష్ట్రాన్ని బట్టి 'ఇంటర్మీడియట్ హై' లేదా 'అడ్వాన్స్‌డ్ లో' స్థాయి అడుగుతాయి. అక్కడికి జె-1 టీచర్ వీసా మీద వెళ్లాలంటే మామూలుగా రెండేళ్ల బోధనానుభవం ఉండాలి. అంటే కోర్సు అవగానే విమానం ఎక్కడం కుదరదు.

విదేశీయులకు చైనీస్ నేర్పే టీచర్లకు చైనా ఇచ్చే సీటీసీఎస్‌ఓఎల్ సర్టిఫికెట్ గురించి చాలామంది అడుగుతుంటారు. రాతపరీక్ష 150 మార్కులకు, పాసవ్వాలంటే 90 రావాలి. ఆ తర్వాత ఇంటర్వ్యూ. భాషా కేంద్రాల్లో దీనికి విలువ ఉంది, కానీ ఇది ఏ దేశపు టీచర్ లైసెన్స్‌కూ బదులు కాదు. చైనా మద్దతుతో విదేశాల్లో నడిచే భాషా కేంద్రాలు, కన్‌ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్‌లనే నమ్ముకోవడం కూడా నేను సూచించను. అమెరికాలో ఒకప్పుడు వందకు పైగా ఉన్నవి 2018 తర్వాత చాలావరకు మూతపడ్డాయి.

మీలాంటివాళ్లకు అనువైన చోటు అంతర్జాతీయ స్కూళ్లని నా అభిప్రాయం. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియట్)లో మొదటి నుంచి నేర్చుకునేవాళ్ల కోర్సు మాండరిన్ అబ్ ఇనిషియో, కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈలో విదేశీ భాషగా మాండరిన్ చదివేవాళ్లకు చైనీస్ ఇంటి భాష కాదు. టోన్లు (అర్థాన్ని మార్చే స్వరం ఎత్తుపల్లాలు) ఎక్కడ తడబడతాయో, అక్షరాలు ఎందుకు గుర్తుండవో పెద్దయ్యాక నేర్చుకున్న టీచర్‌కు బాగా తెలుస్తుంది. ఈ సంగతి కవర్ లెటర్‌లో మొహమాటం లేకుండా రాయండి. చాలా స్కూళ్లలో చైనీస్ పీరియడ్లు ఒక టీచర్‌కు పూర్తి టైమ్‌టేబుల్ అయ్యేన్ని ఉండవు. ఇంగ్లిష్ లాంటి రెండో సబ్జెక్టు కూడా చెప్పగలిగితే మీ వైపు మొగ్గే అవకాశం పెరుగుతుంది.

అసలు పరీక్ష డెమో పాఠం. సాధారణంగా 20–30 నిమిషాలిస్తారు. ఉదాహరణకు అంశం 'ధర అడగడం' అనుకుందాం. ఎక్కువమంది పది నిమిషాలు ఇంగ్లిష్‌లో వ్యాకరణం వివరిస్తారు, పిల్లలు నోరు తెరిచేసరికి గంట కొడతారు. అలా కాదు. మూడు వస్తువుల బొమ్మలు, వాటి ధరలు చూపి 'దువో షావ్ ఛ్యెన్?' (ఎంత ధర?) అని మీరే రెండుసార్లు అడిగి జవాబు చెప్పండి. ఆరో నిమిషానికల్లా పిల్లలు జంటలుగా ఒకరినొకరు అడుగుతుండాలి. ధరల్లో ఒకటి 2 యువాన్లు పెట్టండి. పిల్లలు రెండు అంకెను చెప్పే 'అర్' అంటారు, వస్తువులూ డబ్బూ లెక్కించేటప్పుడు అక్కడ 'ల్యాంగ్' రావాలి. ఆ తప్పును మీరెలా దిద్దుతారో ప్యానెల్ గమనిస్తుంది. తరగతిలో 90 శాతానికి పైగా నేర్పే భాషలోనే మాట్లాడాలన్నది యాక్ట్‌ఫుల్ సిఫారసు.

ఆగస్టు–సెప్టెంబరులో తెరిచే స్కూళ్లకు అంతకుముందు అక్టోబరు నుంచే ప్రకటనలు మొదలవుతాయి, మార్చికల్లా మంచివి చాలావరకు నిండిపోతాయి. ఆస్ట్రేలియాలో విద్యాసంవత్సరం జనవరి చివర్లో మొదలవుతుంది. తైవాన్ పద్ధతి అనుసరించే చోట సంప్రదాయ లిపి అడుగుతారు, దరఖాస్తుకు ముందే కనుక్కోండి.

డిగ్రీలకు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించండి. యూఏఈ లాంటి దేశాలకు అది చాలదు, రాయబార కార్యాలయం అటెస్టేషన్ కావాలి. మీరు నివసించిన ప్రతి దేశం నుంచీ పోలీసు క్లియరెన్స్ అడుగుతారు, దానికి వారాలు పడుతుంది. పేరున్న రిక్రూటర్లు ఫీజు స్కూలు దగ్గరే తీసుకుంటారు. మిమ్మల్ని డబ్బు కట్టమన్నా, 'టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి, ఇక్కడికొచ్చాక మారుద్దాం' అన్నా అక్కడితో ఆపేయండి. పట్టుబడితే జరిమానా, బహిష్కరణ పడేది మీకే, వాళ్లకు కాదు.