దసరా దాకా ఆగితే పాత బైకుకు మంచి ధర వస్తుందా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. రెండు నెలల క్రితం నా ఉద్యోగం పోయింది. నా భార్యకు వచ్చే రూ.26,000 జీతంతోనే ఇల్లు నడుస్తోంది. 2022 నవంబరులో ఆన్‌రోడ్ రూ.1,32,000 పెట్టి 150 సీసీ బైకు కొన్నాను. 34,000 కిలోమీటర్లు తిరిగింది. ఈఎంఐ రూ.3,000, ఇంకా తొమ్మిది ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ రూ.38,000 ఉంటే నెలనెలా మినిమం కడుతున్నాను. అత్యవసరానికని సేవింగ్స్ ఖాతాలో రూ.40,000 ముట్టుకోకుండా ఉంచాం. బైకు అమ్ముదామంటే షోరూమ్ వాళ్లు ఎక్స్ఛేంజిలో రూ.58,000 అంటున్నారు, సెకండ్‌హ్యాండ్ డీలరు రూ.62,000 అంటున్నాడు. మా మెకానిక్ మాత్రం ‘మార్కెట్ డల్‌గా ఉందన్నా, దసరా దాకా ఆగు, రూ.80,000కు నేను ఇప్పిస్తా’ అంటున్నాడు. ఇంట్లో నా భార్య స్కూటీ కూడా ఉంది. ఆగమంటారా?

జవాబు: ఆగొద్దు. ఈ నెలలోనే అమ్మకానికి పెట్టండి. డీలరుకు మాత్రం వెంటనే ఇచ్చేయకండి, మూడు వారాలు సొంతంగా ప్రయత్నించండి.

ముందు మీ కార్డు సంగతి. నెలకు 3.5 శాతం వేసే కార్డయితే రూ.38,000 మీద వడ్డీ రూ.1,330, దాని మీద జీఎస్టీ కలిపితే దాదాపు రూ.1,570. మినిమం డ్యూ అయిదు శాతం అనుకుంటే మీరు కడుతున్నది రూ.1,900. అంటే అందులో అసలుకు జమయ్యేది రూ.330 మాత్రమే. స్టేట్‌మెంటు తీసి ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. దసరాకు ఇంకా ఎనిమిది నెలలుంది. అప్పటికి వడ్డీ కిందే రూ.12,000 పైన పోతుంది. ఇప్పుడు మీ బండికి నేరుగా అమ్మితే రూ.68,000 దాకా రావచ్చని నా అంచనా. మెకానిక్ చెప్పిన రూ.80,000 నిజంగానే వచ్చినా, ఆగినందుకు అదనంగా దక్కే రూ.12,000 కార్డు కంపెనీకే చేరుతుంది. ఈఎంఐలను నేను ఈ లెక్కలో వేయలేదు. ఆగినా అమ్మినా ఆ అప్పు తీర్చక తప్పదు కాబట్టి.

ఆ రూ.80,000 రాదనే నా నమ్మకం. పండగ సీజను కొత్త బండ్లది. అప్పుడు షోరూముల్లో ఎక్స్ఛేంజి ఆఫర్లు పెట్టేసరికి పాతవన్నీ ఒకేసారి డీలర్ల దగ్గరికి చేరతాయి, ధర ఇంకా మెత్తబడుతుంది. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బైకుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. షోరూమ్ ధర రూ.1,05,000 ఉన్న బండి రూ.96,800కు వచ్చేసింది. కొనేవాళ్లు మీ పాత బిల్లు చూడరు. కొత్తది ఈ రోజు ఎంతకొస్తుందో కనుక్కుని, అందులోంచి కోసుకుంటూ వస్తారు. ఆ తగ్గిన ఎనిమిది వేలూ మీరు ఎన్నాళ్లు ఆగినా తిరిగి రావు. ఉద్యోగాలు కుదురుగా లేనప్పుడు జనం మైలేజీ ఇచ్చే 100, 125 సీసీ బండ్లే ముందు అడుగుతారు. 150 సీసీ కొంచెం నిదానంగానే కదులుతుంది.

డెలివరీకో బైక్ టాక్సీకో తిప్పుకుందామని బండి ఉంచుకోవాలనుకుంటే ముందు మీ పాలసీ చదవండి. సొంత వాడకానికి తీసుకున్న పాలసీలో కిరాయికి తిప్పడం కవర్ కాదు, ప్రమాదం జరిగితే క్లెయిము తిరస్కరిస్తారు. ఇక రాకపోకలంటారా, మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. మీ శ్రీమతి ఆఫీసు బస్సు దారిలోనే ఉంటే, మీ ఇంటర్వ్యూల రోజుల్లో స్కూటీ మీకు దొరుకుతుంది. ఇది ఆవిడ సౌకర్యాన్ని బట్టి ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన మాట.

లోను విషయానికొస్తే, ఆర్‌సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరున్న బండికి మంచి బేరం రాదు. అప్పు తీరిందంటూ ఆ కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ ఎప్పటికొస్తుందోనని అడ్వాన్సు ఇవ్వడానికే భయపడతారు. డీలరు చెప్పిన రూ.62,000 కూడా అది చూశాక తగ్గే అవకాశముంది. లోను ముందే తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్ కంపెనీని అడగండి. మీ వడ్డీ ఏడాదికి 14 శాతం అనుకుంటే మిగిలిన అసలు దాదాపు రూ.25,500. నాలుగు శాతం చార్జీ, దాని మీద జీఎస్టీ వేస్తే రూ.26,700 అవుతుంది. తొమ్మిది ఈఎంఐలు కట్టినా రూ.27,000 కాబట్టి మిగిలేది మూడొందలే. లోను చివర్లో ముందే కట్టేస్తే వడ్డీ పెద్దగా మిగలదు. ఇక్కడ మీరు కొంటున్నది ఎన్‌ఓసీని. మీ రూ.40,000లోంచి ఈ డబ్బు తీసి కట్టేయండి. అత్యవసర నిధిని కదిలించమని నేను తేలిగ్గా చెప్పను. ఇది నెల రోజుల్లో అమ్మకం డబ్బు నుంచి తిరిగి వచ్చేది కాబట్టే చెబుతున్నాను. ఎన్‌ఓసీతో పాటు సంతకాలు చేసిన ఫారం 35 రెండు కాపీలు తీసుకోండి. ఎన్‌ఓసీ మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటకముందే ఆర్‌టీఏలో హైపోథికేషన్, అంటే ఆర్‌సీ మీది ఫైనాన్స్ కంపెనీ పేరు, తీయించేయండి.

ఈలోగా చలాన్లు చూసుకోండి. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైటులో బండి నంబరు కొడితే మొత్తం కనిపిస్తాయి. 2022 మార్చిలోనూ 2023 డిసెంబరులోనూ రాయితీ ఇచ్చారు కదా, మళ్లీ ఇస్తారేమోనని ఆగకండి. నాలుగు వందల చలాను చూపించి రెండు వేలు బేరమాడతారు. నంబరు టీఎస్ సిరీస్‌ది కదా, టీజీకి మార్చాలేమో అన్న దిగులు అక్కర్లేదు.

బండి మీద రూ.2,000 మించి ఖర్చు పెట్టొద్దు. ఏది పెడితే తిరిగి వస్తుందో చెబుతాను. సెల్ఫ్ ఒక్క నొక్కుకే అందుకోవాలి. బ్యాటరీ దిగిపోయి ఉంటే చార్జింగ్ పెట్టించండి, అప్పటికీ నిలవకపోతేనే మార్చండి. బ్రేక్ ప్యాడ్లు అరిగి ఉంటే వేయించండి. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు పని చేయాలి. ముందు ఫోర్క్ రాడ్డు మీద నూనె చార కనిపిస్తే ఆయిల్ సీల్ పోయినట్టు. దాన్ని తుడిచేసి దాచినా కొనేవాళ్లు బ్రేకు పట్టి హ్యాండిల్ నాలుగుసార్లు నొక్కితే మళ్లీ బయటపడుతుంది, మార్పించేయడమే మేలు. చెయిన్ కడిగించి, లూజు సరిచేయించి, లూబ్ కొట్టించండి. వెనక స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా ఒక పక్కకు వంగి ఉంటే మాత్రం కిట్ మార్పించకండి, ఆ సంగతి ముందే చెప్పి ధరలో తగ్గించండి. కొత్త టైర్లు, సీటు కవరు, టెఫ్లాన్ పాలిష్‌కు పెట్టిన డబ్బు ధరలో రాదు. చూడటానికి వస్తున్నారని బండి ముందే స్టార్ట్ చేసి ఉంచకండి. తెలిసినవాళ్లు వస్తూనే ఇంజిన్ దగ్గర అరచెయ్యి పెట్టి చూస్తారు. వేడిగా ఉందంటే చల్లటి ఇంజిన్ అందుకోదనీ, పొద్దున్నే పొగ వస్తుందనీ అనుమానిస్తారు.

ఫోటోలు ఎండ ఎక్కకముందు తీయండి. రెండు వైపులా, మీటరు రీడింగు, చెయిన్, రెండు టైర్ల గాడులు కనిపించాలి. సర్వీసు బిల్లులు ఉంటే వాటినీ పెట్టండి. 2022లో కొన్న బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు అయిదేళ్లది, అంటే 2027 నవంబరు దాకా ఉంది. ఈ మాట ప్రకటనలోనే రాయండి, కొనేవాళ్లకు అది కలిసొచ్చే డబ్బు. ఆర్‌సీ ఫోటో మాత్రం ఎవరికీ ముందే పంపకండి. దాన్ని చూపించి బండి తమదేనని ఇంకొకరిని మోసం చేసేవాళ్లున్నారు.

మొదటి వారం రూ.72,500 చెప్పండి, రెండో వారం రూ.70,000, మూడో వారం రూ.67,000. జీతాలు పడే నెల మొదటి పది రోజులు ఈ మూడు వారాల్లో పడేలా చూసుకోండి. పాత కొలీగ్స్, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు, ఆ తర్వాతే ఆన్‌లైన్. మీ మెకానిక్‌కు కూడా చెప్పండి, కమీషన్ ఎంతో ముందే మాట్లాడుకోండి. మూడు వారాలు దాటినా ఎవరూ రాకపోతే డీలరు రూ.62,000 తీసుకోండి. నెల ఆలస్యానికి వడ్డీ, బండి విలువ తరుగు కలిపి రెండున్నర వేలు పోతాయి, అంతకు మించి ఆగడంలో లాభం లేదు. షోరూమ్ వాళ్ల రూ.58,000ను లెక్కలోకే తీసుకోకండి. అది కొత్త బండి కొంటేనే ఇచ్చే ధర.

టెస్ట్ రైడ్ అడిగితే లైసెన్సు చూసి, వెనక మీరు కూర్చునే ఇవ్వండి. డబ్బు యూపీఐలో గానీ ఐఎంపీఎస్‌లో గానీ తీసుకోండి. మెసేజి వచ్చిందని నమ్మకుండా మీ బ్యాంకు యాప్‌లో బ్యాలెన్సు చూశాకే తాళాలు ఇవ్వండి. ‘ఆర్మీలో పని చేస్తున్నా, బండి చూడక్కర్లేదు, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి, డబ్బు పడుతుంది’ అన్న ఫోన్ వస్తే పెట్టేయండి. డబ్బు మనకు రావడానికి స్కాన్ చేయడమూ పిన్ కొట్టడమూ ఉండవు. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇప్పుడు చెప్పేది. డబ్బు చేతికొచ్చాక చాలామంది పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, కొనేవారి పేరు ఖాళీగా వదిలేసి ఇచ్చేస్తారు. ఆ బండి నాలుగు చేతులు మారి ప్రమాదం చేస్తే నోటీసు మీ ఇంటికొస్తుంది. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. చట్టం ప్రకారం అమ్మినవారు 14 రోజుల్లో ఆర్‌టీఏకు తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. మీరు కొనేవారిని ఆ గడువుకు వదిలేయకండి. ఒప్పందం రోజే స్లాట్ బుక్ చేసి, ఫీజు కట్టించి, వాళ్లతో పాటు ఆఫీసుకు వెళ్లండి. ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, ఒరిజినల్ ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్, కొనేవారి పాన్, ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు దగ్గర ఉంచుకోండి. బండి ఇచ్చిన తేదీ, గంట, నిమిషం, మీటరు రీడింగుతో కాగితం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆ నిమిషం తర్వాత పడే చలాను ఎవరిదన్న గొడవ అక్కడితో తెగుతుంది.

కొనేవారు ఆంధ్రప్రదేశ్ నుంచి వస్తే ఫారం 28తో ఆర్‌టీఏ నుంచి వేరే ఎన్‌ఓసీ, అక్కడి పన్ను, ఆలస్యం అన్నీ ఉంటాయి. వెయ్యో రెండు వేలో తక్కువైనా తెలంగాణ చిరునామా ఉన్నవారికే ఇవ్వడం మీ పరిస్థితిలో మంచిది. డీలరుకే ఇవ్వాల్సి వస్తే, ఆర్‌టీఏ అనుమతి ఉన్న డీలరేనా అని అడిగి, బండి అప్పగించినట్టు ఫారం 29సీ దాఖలు చేయమనండి. చేయనంటే వేరే డీలరును చూసుకోండి.

సొంతానికి వాడుకున్న బైకు కాబట్టి ఈ డబ్బు మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. రూ.68,000 వస్తే రూ.26,700 సేవింగ్స్‌కు వెనక్కి వెళుతుంది, రిపేర్లకు రూ.2,000 పోతుంది. మిగిలిన రూ.39,300లోంచి కార్డు బాకీ మొత్తం అదే రోజు కట్టేయండి. దాంతో నెలనెలా పోయే ఈఎంఐ రూ.3,000, కార్డు మినిమం రూ.1,900 రెండూ ఆగుతాయి. సేవింగ్స్‌లోంచి తీసి రూ.25,000 పాత బండి ఏదైనా వెతుకుదామన్న ఆలోచన ఉద్యోగం దొరికేదాకా వద్దు. తర్వాతి నెల స్టేట్‌మెంటులో, బాకీ తీర్చిన రోజు వరకు పడిన వడ్డీ చిన్న మొత్తంగా మళ్లీ కనిపిస్తుంది, దాన్ని కూడా కట్టేయండి.

ఒక కాగితం మాత్రం మరిచిపోకండి. సొంత బండి నష్టాన్ని కవర్ చేసే (ఓన్ డ్యామేజి) పాలసీని ఏటా రెన్యువల్ చేస్తూ, ఇన్నాళ్లలో క్లెయిము చేయకుండా ఉంటే మీ పాలసీలో 35 శాతం నో క్లెయిమ్ బోనస్ చేరి ఉంటుంది. అది బండితో పోదు, మీదే. పేరు మారిన రుజువు చూపించి ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే కొత్త బైకు ప్రీమియంలో ఆ రాయితీ వాడుకోవచ్చు.