ఎక్కడం రాశావు, దిగడం రాయలేదు

చిరంజీవి అమ్మాయికి,

విజయనగరం దగ్గర రామతీర్థం కొండ ఎక్కడం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది, దానితోపాటు పెట్టిన చిన్న ఉత్తరమూ అందింది. వ్యాసం శ్రద్ధగా రాశావు. భాషలో తప్పుల్లేవు, చదువుతుంటే ఎక్కడా కాలు తట్టుకోలేదు. కానీ నన్ను పట్టుకుని వదలనిది ఆ ఉత్తరం. అందులో మాటవరసకి అన్నట్టు ఇలా రాశావు: "మావయ్య సగంలో ఆగిపోయాడండీ. 'ఎక్కగల్ను గానీ దిగలేనర్రా, మీరెల్లండి, నానిక్కడ కూకుంటాను' అన్నాడు. మేం నవ్వుకుంటూ ఎక్కేశాం." వ్యాసంలో ఈ మావయ్య ఊసే లేదు. తెల్లవారుజామున ఇంటి దగ్గర నలుగురు బయల్దేరారు. పైన నువ్వు, తమ్ముడు, బావ ఫొటో దిగారు. నాలుగో మనిషి ఏమయ్యాడమ్మా?

ఆయన్ని వదిలేసి సూర్యోదయం రాశావు. "ఎర్రటి బంతిలా", "ప్రకృతి ఒడిలో", "మాటల్లో చెప్పలేని అనుభూతి". ఇవి ఎవరైనా రాయగలరు. అరకుకైనా సరిపోతాయి, హార్సిలీ హిల్స్‌కైనా సరిపోతాయి. మావయ్య అన్న మాట విన్నది మాత్రం మీ ముగ్గురే.

ఆ మాట దగ్గర కాసేపు ఆగుదాం. మోకాళ్లు అరిగినవాళ్లకి కొండ ఎక్కడం కంటే దిగడం కష్టం. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కూర్చుంటే తీరుతుంది. దిగేటప్పుడు అడుగడుక్కీ ఒంటి బరువంతా వంగిన మోకాలి మీద పడుతుంది. కూర్చున్నా లాభం లేదు, లేచి మళ్లీ దిగాల్సిందే. ఇరవై ఏళ్ల కాళ్లకి ఈ సంగతి తెలీదు, అందుకే నీకది జోకులా వినిపించింది. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. చిన్నప్పుడు ఆ కొండమీదే మేకలు కాసేవాడని కూడా నువ్వే రాశావు. అంటే అక్కడి ప్రతి బండా ఎరిగిన మనిషి. నాలుగింటికే లేచి, మిమ్మల్ని లేపి, టార్చి పట్టుకుని ముందు నడిచాడు. ఎక్కడిదాకా రాగలడో ఇంటి దగ్గరే లెక్క వేసుకుని ఉంటాడని నా అనుమానం. అయినా ఎందుకొచ్చాడు? చెల్లెలి పిల్లలు సెలవులకి వచ్చారు కాబట్టి. చీకట్లో దారి చూపించాలి కాబట్టి. రాలేనని ముందే చెబితే మీరు అసలు బయల్దేరరేమోనని కూడా కావచ్చు. ఇదంతా నా ఊహ. నువ్వు ఫోన్ చేసి అడిగితే నిజం తెలుస్తుంది, అది నా ఊహ కంటే ఎంతో బాగుంటుంది.

మీ బావ సంగతి కూడా ఆలోచించు. ఆగిపోయింది అతని నాన్న. నాన్న అక్కడ ఆగుతాడని అతనికి ముందే తెలుసా? మీతోపాటు నవ్వాడా, లేక ఒక్క క్షణం ఆగి వెనక్కి చూశాడా? గుర్తు లేకపోతే అతన్నే అడుగు.

ఇక ఏటవాలు. "చాలా నిటారుగా ఉంది" అని మూడుచోట్ల రాశావు. చదివేవాడు నమ్ముతాడు గానీ వాడికి ఆయాసం రాదు. కొండ ఎంత నిటారుగా ఉందో ఎక్కేవాళ్ల మాటల్లో తెలుస్తుంది. కింద గుడి దాటేటప్పుడు నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటారు: ఇంటర్ మార్కులు, ఐపీఎల్, రాత్రి కరెంటు పోయి దోమలు తినేసిన సంగతి. కొంచెం ఎక్కేసరికి పొడుగు మాటలు పోతాయి. "జాగర్త." "ఆ రాయి కదుల్తాది." "నీళ్లియ్యి." ఇంకా పైకెళ్తే అవీ ఉండవు, చెప్పుల చప్పుడూ ఊపిరీ తప్ప. అప్పుడు ఎవరో ఒకరు కూలబడతారు, సీసా చేతులు మారుతుంది. మనుషులు ఇంట్లో అనని మాటలు అక్కడ అంటారు. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు కదా, అందరూ కింద పొలాలకేసి చూస్తుంటారు. మీ మావయ్య ఆ మాట అన్నదీ అలాంటి చోటే అయ్యుంటుంది. కాబట్టి ఎవరేమన్నారో గుర్తు తెచ్చుకునేటప్పుడు ఏ ఎత్తులో అన్నారో కూడా గుర్తు తెచ్చుకో. నీ వాక్యాలు కూడా ఆ ఎత్తుని బట్టి పొట్టివవనీ. నిటారు అనే మాట ఒక్కసారి కూడా వాడకుండా రాసి చూడు.

రామతీర్థం చరిత్ర నువ్వు రాసింది సరైనదే. గురుభక్తుల కొండ, దుర్గకొండ, బోడికొండ, బౌద్ధం, జైనం, వందేళ్ల పైచిలుకు కిందట పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వకాలు, అన్నీ ఉన్నాయి. అయితే అన్నిటినీ ఒకే పేరాలో కుక్కేశావు. అక్కడికొచ్చేసరికి ఎక్కుతున్న మనుషులు మాయమైపోయి బోర్డు చదువుతున్నట్టయింది. గురుభక్తుల కొండ నాకు తెలుసు. కొండ పక్కన ఇరుకుగా సాగిన చదునులో ఇటుక కట్టడాల శిథిలాలు ఉంటాయి: స్తూపం, చైత్యాలనే ప్రార్థనా మందిరాలు, భిక్షువులు ఉండిన విహారాల పునాదులు. దగ్గరికి వెళ్లి ఇటుక ఒక్కటి చూడు. ఇవాళ మనం ఇళ్లు కట్టే ఇటుక కంటే బాగా పెద్దది. నీళ్ల సీసా మోయడానికే వంతులు వేసుకున్న పిల్లలు ఆ ఇటుకల ముందు నిలబడితే ఒక ప్రశ్న తోచే ఉంటుంది: ఇంత ఎత్తుకి ఇన్ని ఇటుకలు ఎవరు మోశారు? తవ్వించినాయన పేరు మనకు తెలుసు. మోసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. నీ కొండకీ ఆ చరిత్రకీ కలిసే చోటు అదే. అక్కడ రెండు వాక్యాలు రాయి, మిగతాది తీసెయ్. తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి నాటి శాసనం కూడా, అది ఉన్న జైన గుహ దగ్గరికి మీరు వెళ్లనేలేదు కాబట్టి, ఈ వ్యాసానికి అక్కర్లేదు.

ఇంకొక మాట. ఆ వేళకి లోకంలో మెలకువగా ఉన్నది మీరొక్కరే అన్నట్టు రాశావు. మే నెలలో మన వైపు అయిదున్నర కాకముందే పొద్దు పొడుస్తుంది. ఎండ ముదిరితే పని సాగదని ఉపాధి పనికి వెళ్లే ఆడవాళ్లు పలుగూ పారా తట్టా, క్యాన్లో చోడంబలి పట్టుకుని పొద్దున్నే రోడ్డెక్కుతారు. పోయేటప్పుడో వచ్చేటప్పుడో వాళ్లు మీకు ఎదురయ్యే ఉంటారు. "ఎవులింటి గుంటలమ్మా?" అని అడిగే ఉంటారు. మన ఊళ్లలో కొత్త మొహాన్ని అడక్కుండా ఎవరూ వదలరు. మీ మావయ్య ఏం జవాబు చెప్పాడు? మిమ్మల్ని ఎవరి పిల్లలని చెప్పాడు, ఏ గొంతుతో చెప్పాడు? సూర్యుడికిచ్చిన పేరాలో సగం వీళ్లకివ్వు.

మా శ్రీకాకుళం వైపు వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఉంది. అక్కడి బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం ఆయన ఎంత పోరాడారో నీకు చెప్పనక్కర్లేదు. సవర భాష ఎలా నేర్చుకున్నారో తెలుసా? చదవడానికి పుస్తకాల్లేవు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో ఉంచుకుని అతని నోటి నుంచి నేర్చుకున్నారు. కొండల మీది సవర పల్లెల్లో తిరిగారు, మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ వాడీ వాడీ వినికిడి పోగొట్టుకున్నారు. ఆ చెవులతో విన్నదే ఆ భాషకి వ్యాకరణంగా, నిఘంటువుగా మిగిలింది. రాళ్లను ఎంత శ్రద్ధగా చూశారో మనుషుల మాట అంత శ్రద్ధగా విన్నారు. నాకు ఆయన మీద ఉన్న గౌరవమంతా అందుకే. నీకు వినే చెవి ఉంది, ఆ ఉత్తరమే సాక్ష్యం. మావయ్య మాటని "నేను దిగలేను" అని శుభ్రం చెయ్యకుండా "నానిక్కడ కూకుంటాను" అనే రాశావు. వ్యాసం దగ్గరికొచ్చేసరికి ఎందుకో ఆ చెవి మూసేసుకున్నావు. వచ్చే సెలవుల్లో శ్రీకాకుళం వస్తే ఒక పూట కథానిలయంలో కూర్చో. తెలుగు కథల కోసం కాళీపట్నం రామారావుగారు 1997లో తెరిచిన గ్రంథాలయం. ఉత్తరాంధ్ర రచయితలు ఇంటి మాటని కాగితం మీద ఎలా నిలబెట్టారో చూసుకోవచ్చు.

మళ్లీ రాసేటప్పుడు కొండపైన గడిపిన భాగాన్ని బాగా తగ్గించు. అక్కడ మీరు ఉన్నది కాసేపు, వ్యాసంలో మాత్రం అదే సగం. దిగి మావయ్య దగ్గరికి వచ్చిన క్షణం రాయి. అప్పటిదాకా ఆయన ఏ బండ మీద కూర్చున్నాడు? నీడ ఉందా? మీరు కనబడగానే మొదట ఏమన్నాడు? మిగిలిన దారి ఎలా దిగాడు, పక్కకి తిరిగి అడ్డంగా అడుగులేస్తూనా? ఎవరి భుజమైనా పట్టుకున్నాడా, పట్టుకోమంటే వద్దన్నాడా? ఇంటికొచ్చాక అత్తయ్య ఆయన్ని ఏమైనా అందా? మోకాళ్ల సంగతి తెలిసిన భార్య ఊరుకుని ఉండదు.

రాయడం పూర్తయ్యాక ముందు మావయ్యకి చదివి వినిపించు. తన మోకాళ్ల గురించి నలుగురూ చదవడం ఆయనకి ఇష్టమో కాదో ఆయనే చెప్పాలి. వద్దంటే అచ్చుకి పంపకు, నీ దగ్గరే ఉంచుకో. సరేనంటే, "అలా అనలేదే, ఇలా అన్నాను" అని ఆయన దిద్దిన చోట్లన్నీ అలాగే దిద్ది నాకు పంపు. దసరా లోపల అందితే చూసి వెంటనే తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు
శ్రీకాకుళం