జనరేటర్ స్టార్ట్ కాకపోతే ముందు డీజిల్ సంగతి చూడు

బిడ్డా,

బోనాల సీజన్ కోసం టెంట్ హౌస్‌కు సెకండ్ హ్యాండ్ డీజిల్ జనరేటర్ కొన్నావని మీ నాన్న చెప్పాడు. మంచి పని చేశావు. కానీ స్టార్ట్ కాని ప్రతిసారీ మెకానిక్‌ను పిలుస్తున్నావట, అది అక్కర్లేదు. ఇలాంటి చిన్న మెషీన్లకు వచ్చే తిప్పలు చాలావరకు డీజిల్ దగ్గరే మొదలవుతాయి, వాటిని నువ్వే సరిచేసుకోవచ్చు.

ట్యాంకు పూర్తిగా ఖాళీ అయినా, ఫిల్టర్ మార్చినా పైపులోకి గాలి చేరుతుంది. మనవాళ్లు ఎయిర్ లాక్ అయిందంటారే, అదే. అప్పుడు చెయ్యి నొప్పి పుట్టేదాకా తాడు లాగినా ఇంజన్ అందుకోదు, ఎందుకంటే పంపు ఆ గాలినే నొక్కుతుంటుంది, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకునేంత ప్రెషర్ రాదు. ట్యాంకు నింపు, కాక్ తెరువు, పంపు దగ్గర పైపు నట్టు కాస్త వదులు చెయ్, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చాక బిగించు. తర్వాత నాజిల్ దగ్గరి నట్టు కూడా ఇలాగే వదులు చేసి, ఇంజన్ లోపలి ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లివర్ ఎత్తి ఇంజన్ తిప్పు, అక్కడా డీజిల్ కనిపించగానే బిగించెయ్. నాజిల్ ముందు మాత్రం వేలు పెట్టకు, ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మన దగ్గర వానాకాలం తేమకు సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో నీళ్లు చేరతాయి. అడుగు నుంచి కొంచెం డీజిల్ గాజు సీసాలో పట్టి రాత్రంతా ఉంచు, నీళ్లుంటే కింద విడిగా చేరతాయి. పండగ అయ్యాక మెషీన్‌ను మూల పెట్టేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంచు. ఫిల్టర్ సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరుకుతుంది, పాతది చేతిలో పట్టుకుని వెళ్లు.

స్టార్ట్ అయి వెంటనే ఆగిపోతుంటే ఆయిల్ చూడు. ఆయిల్ తక్కువైతే సెన్సర్ ఇంజన్‌ను ఆపేస్తుంది, బస్తీ గల్లీల్లో వాలు మీద పెట్టినా అదే జరుగుతుంది, కాబట్టి చదునైన చోట పెట్టి కొలువు.

నల్ల పొగ వస్తే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందనో, లోడ్ ఎక్కువైందనో అర్థం. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ సరిగా కాలట్లేదు, లేదా అందులో నీళ్లున్నాయి.

లోడ్ దగ్గర మన టెంట్ హౌస్ వాళ్లంతా తప్పుతారు. నీది 5 కేవీఏ అన్నావు, అంటే దాదాపు 4 కిలోవాట్లు. వెయ్యి వాట్ల హాలోజెన్లు నాలుగు పెడితే అక్కడికే సరి, ఇక సౌండ్ సిస్టమ్‌కు ఏం మిగులుతుంది? మోటారు ఉంటే ముందు అదొక్కటే ఆన్ చెయ్, స్టార్ట్ అయ్యేటప్పుడు అది చాలా రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అలాగని గంటల తరబడి ఒక్క బల్బు కోసం నడపడం కూడా మంచిది కాదు, సరిగా కాలని డీజిల్ మసిగా పేరుకుంటుంది.

ఇంజన్ బాగానే తిరుగుతున్నా కరెంటు రాకపోతే ముందు బ్రేకర్ పడిందేమో చూడు. అది సరిగానే ఉంటే బ్రష్‌లు, వోల్టేజీని అదుపులో ఉంచే ఏవీఆర్, కెపాసిటర్ తెలిసినవాళ్లకు వదిలెయ్, ఆపేశాక కూడా కెపాసిటర్ షాక్ కొడుతుంది.

మరో రెండు మాటలు, వీటిలో నేను ఒప్పుకోను. వాన పడుతోందని దాన్ని సెల్లార్‌లోనో షట్టర్ వేసిన షాపులోనో నడపకు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తెలిసేలోపే మనిషి పడిపోతాడు. ఇక ఇంటి సాకెట్‌లోకి వైరు పెట్టి ఇల్లంతటికీ కరెంటు ఇవ్వడం, ఆ పని ఎవరు అడిగినా చెయ్యకు. కరెంటు వెనక్కి లైనుకెక్కితే స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. లైను, జనరేటర్ రెండింటిలో ఒక్కదాన్నే ఇంటికి కలిపే ఛేంజోవర్ స్విచ్ పెట్టించుకోమని చెప్పు, లేదంటే ఆ గిరాకీ వద్దని వదిలెయ్.

ఆదివారం ఎయిర్ తీసి చూడు, అప్పటికీ అందుకోకపోతే పొగ ఏ రంగులో వస్తోందో వీడియో తీసి పంపు.

మీ పెద్దనాన్న