గుల్ల ఏ ఊరిదో చిప్ప చెప్పదు

ప్రశ్న: మేడమ్, మాది పెదజాలారిపేట. ఫిషింగ్ హార్బర్‌లో నాన్న బోటు ఒడ్డుకెక్కించి అడుగు గీకించినప్పుడల్లా బుట్టలకొద్దీ గుల్లలు రాలతాయి. మన హార్బర్‌లోకి అమెరికా గుల్ల కూడా వచ్చిందంటారు, నిజమేనా? మా చెల్లి ఎమ్మెస్సీ జువాలజీ. పచ్చ ఆల్చిప్పల మీద జెనెటిక్ మార్కర్లతో ప్రాజెక్టు చేస్తానంటోంది. భీమిలి ఆల్చిప్ప, కాకినాడ ఆల్చిప్ప చూడగానే తేడా తెలిసిపోతుంది కదా, దానికి డీఎన్ఏ దేనికి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ చివరి ప్రశ్నే ముందు తీసుకుంటాను. చూపుకి తేడాగా ఉందన్న మాట గుల్లల దగ్గర చెల్లదు. కెరటాలు బాదే రాతి మీద పెరిగిన ఆల్చిప్ప ఒకలా ఉంటుంది, కదలని నీళ్లలో గుంజను పట్టుకుని పెరిగింది ఇంకోలా ఉంటుంది. ఇరుకులో పెరిగితే మరో ఆకారం. ఒకే తల్లి పిల్లలైనా అంతే.

కాలిఫోర్నియాలో పెద్దపెద్ద పండితులే దీంతో తికమకపడ్డారు. అక్కడి ఆల్చిప్పను ఎన్నో ఏళ్లు 'మైటిలస్ ఎడ్యులిస్' అని రాసుకున్నారు. 1988లో ఎంజైములు (ఒంట్లో రసాయన చర్యలు నడిపే ప్రొటీన్లు, జన్యువును బట్టి వీటి రకం మారుతుంది) పరీక్షించి చూస్తే, దక్షిణాన ఉన్నది మధ్యధరా నుంచి వచ్చిన 'గాల్లోప్రొవిన్షియాలిస్', ఉత్తరాన ఉన్నది 'ట్రోసులస్' అని తేలింది. ఇప్పుడైతే ఆ మూడింటినీ విడదీయడానికి ఒక్క పీసీఆర్ (డీఎన్ఏలో కావలసిన ముక్కకు లక్షల నకళ్లు తీసే పద్ధతి) సరిపోతుంది. రాతికి అతుక్కోవడానికి పనికొచ్చే జిగురు ప్రొటీన్ ఉంది చూశారూ, దాని జన్యువులో ఒక ముక్కకు అలా నకళ్లు తీస్తారు. ఆ ముక్క ఎడ్యులిస్‌లో 180, ట్రోసులస్‌లో 168, గాల్లోప్రొవిన్షియాలిస్‌లో 126 డీఎన్ఏ అక్షరాల పొడవుంటుంది. ముక్కల్ని పొడవును బట్టి వేరుచేసే జెల్ మీద మూడు గీతలూ మూడు చోట్ల ఆగుతాయి. మార్కర్ అంటే ఇదే, కంటికి ఆనని తేడాను పట్టిచ్చే గుర్తు.

మన దేశంలో దీనికి తిరగేసిన కథ ఉంది. కన్యాకుమారి, కొల్లం వైపు దొరికే గోధుమరంగు ఆల్చిప్పను కొత్త జాతి అనుకుని 1976లో 'పెర్నా ఇండికా' అని పేరు పెట్టారు. తర్వాత డీఎన్ఏ చదివితే, ఆఫ్రికా తీరంలో ఉండే 'పెర్నా పెర్నా'యే ఇదీ అని తేలింది.

ఇక భీమిలి, కాకినాడ. ఆల్చిప్పలు గుడ్లూ వీర్యమూ నీళ్లలోకే వదిలేస్తాయి. పిల్లలు వారాల తరబడి ప్రవాహంలో కొట్టుకుపోయి, ఆ తర్వాతే ఎక్కడో అతుక్కుంటాయి. మన తీరం వెంట ప్రవాహం వానాకాలానికి ముందు ఉత్తరానికి పోతుంది, అక్టోబరు దాటాక దక్షిణానికి తిరుగుతుంది. కాబట్టి రెండు చోట్లా ఒకే జనాభా (తమలో తాము కలిసి పిల్లల్ని కనే ఒకే గుంపు) అయ్యే అవకాశమే ఎక్కువ. 'తేడా లేదు' అని తేలితే ప్రాజెక్టు పాడైపోయిందని మీ చెల్లి బెంగపడక్కర్లేదు. అదీ ఫలితమే.

అయితే ఏ మార్కర్ పట్టుకున్నామన్న దాన్నిబట్టి జవాబు మారిపోతుంది. అమెరికా తూర్పు తీరపు ఆయిస్టర్ గుల్లల్లో ఎంజైములు చూసినవారికి అంతా ఒకటే జనాభా అనిపించింది. 1990లో రీబ్, అవైస్ అనే పరిశోధకులు మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం, దానికి సొంత డీఎన్ఏ ఉంటుంది) డీఎన్ఏ చూస్తే ఫ్లోరిడా దగ్గర గీత గీసినట్టు రెండు ముక్కలయ్యాయి. అదే నీరు, అవే గుల్లలు. న్యూయార్క్ పక్క లాంగ్ ఐలాండ్ జలసంధిలో ఆల్చిప్పల్లో కోయెన్ అనే శాస్త్రవేత్త చూసింది ఇంకా వింత. ఒక ఎంజైము రకం బయటి సముద్రంలో ఎక్కువగా, ఉప్పు తక్కువ నీళ్లలో తక్కువగా ఉంది. రెండు వేర్వేరు జనాభాలని ఎవరైనా అనుకుంటారు. నిజానికి బయటి పిల్లలే ఏటా లోపలికొచ్చి అతుక్కుంటున్నాయి. ఆ రకం ఉన్నవి ఆ నీళ్లలో ఎక్కువగా చచ్చిపోతున్నాయి. మార్కర్ చూపింది చావును, చుట్టరికాన్ని కాదు.

మైటోకాండ్రియాకీ ఒక చిక్కుంది. మన ఇంటిపేరు తండ్రి నుంచి వచ్చినట్టు ఇది తల్లి నుంచి వస్తుందని పాఠం చెబుతాం. మైటిలస్ ఆల్చిప్పల్లో మగపిల్లలకు తండ్రిది కూడా వస్తుంది. ఏ కండ కోశామో చూసుకోకపోతే ఒకే గుల్ల రెండు జవాబులిస్తుంది. నన్నడిగితే ఒక్క మార్కర్‌తో రాసిన థీసిస్‌ను నమ్మను.

అమెరికా గుల్ల మాట నిజమే. నల్ల చారల 'మైటిలోప్సిస్ సల్లీ' అంగుళం మించదు. మెక్సికో సింధుశాఖ, కరీబియన్ దీని పుట్టిల్లు. మన విశాఖ హార్బర్‌లో 1967లోనే కనిపించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు గణపతి, సహచరులు 1971లో దాన్ని 'కాంజీరియా సల్లీ' అనే అప్పటి పేరుతో 'కరెంట్ సైన్స్' పత్రికలో రాశారు. ఓడల మీద వచ్చిందనే అందరూ అనుకుంటారు. అలా నాలుగు గుల్లలు వచ్చి సంసారం పెడితే వాటి సంతతిలో వైవిధ్యం తక్కువగా ఉండాలి. ఆసియా రేవుల్లో మైటోకాండ్రియా జన్యువు చదివితే వైవిధ్యం బాగా ఎక్కువగా ఉందని 2011లో తేలింది. అంటే ఒక్కసారి రాలేదు, లేదా వచ్చినప్పుడు గుంపుగా వచ్చాయి. ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో 1999లో ఇదే జాతి మెరీనాల్లో (పడవలు నిలిపే చిన్న రేవుల్లో) కనబడితే క్లోరిన్, కాపర్ సల్ఫేట్ పోసి తుడిచిపెట్టారు. మనం అప్పటికే మూడు దశాబ్దాలు కాపురం చేశాం దానితో.

మీ చెల్లికి రెండు మాటలు చెప్పండి. ఒకే రాతి మీద యాభై కోసుకొచ్చి 'విశాఖ జనాభా' అని రాయకూడదు. ఒకే తల్లి సంతానం అక్కడ గుంపుగా ఉండొచ్చు. రేవు, రాళ్లు, గుంజలు, అన్నిచోట్లా కాసిని తీయాలి. కండను ఫార్మలిన్‌లో వేయకండి, డీఎన్ఏ పాడవుతుంది. 95 శాతం ఆల్కహాలే కావాలి. చిప్పలు మూసే తెల్ల కండరం లోంచి చిన్న ముక్క కోయాలి. గుల్లలకు బంక ఎక్కువ, డీఎన్ఏ తీసేటప్పుడు ట్యూబు అడుగున తెల్లగా జారే ముద్ద దిగితే పీసీఆర్ మొరాయిస్తుంది. అలాంటప్పుడు ఇంకో పద్ధతిలో శుద్ధి చేయాలి, గైడుని సీటాబ్ (ఆ బంకను వేరుచేసే రసాయనం) గురించి అడగమనండి. ఆఖరిది, చీటీ పెన్సిలుతో రాసి కండ దాచిన ట్యూబు లోపలే వేయాలి. ఆల్కహాలు తగిలితే ఇంకు కరిగిపోతుంది, ఏది భీమిలిదో ఏది కాకినాడదో తేల్చడానికి ఏ మార్కరూ మిగలదు.